వంగి నడిచే రోజులు

ఈ దినం చదవవలసిన భాగం: లూకా సువార్త 13:10–17

పోయిన వేసవిలో మా చెల్లి కాకినాడలో పొట్ట ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చింది. యానాం దాటి, ఎదుర్లంక వంతెన ఎక్కి, అమలాపురం మీదుగా రాజోలు చేరేదాకా పొట్టకు దిండు అదుముకునే కూర్చుంది. కారు దిగి గేటు నుంచి వసారా దాకా వంగిపోయి నడిచింది. ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి పొట్ట మీద. ఎదురింటి పిన్నిగారు చూసి, "ఏవమ్మా, నడుం పట్టేసిందా?" అని అడిగారు. చెల్లి తల ఎత్తలేదు. పొట్ట దిగువన ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత పెట్టి, సాగిన చర్మం తీసేసి, లోపల విడిపోయిన కండరాలను దగ్గరకు లాగి కుట్టారు. నిటారుగా నిలబడితే ఆ కుట్లు లాగుతాయి. వారం పది రోజులు, కొందరికి రెండు వారాలు, కాస్త ముందుకు వంగే నడవాలని డాక్టరుగారు చెప్పి పంపారు.

ఆ రాత్రి నాకు లూకా రాసిన ఆ స్త్రీ గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్ళు నడుము వంగిపోయి ఉన్న మనిషి. ఆమె పేరు మనకు తెలియదు. అన్నేళ్ళూ ఆమె కళ్ళకు ఆనిందల్లా నేలా, మనుషుల పాదాలూనే అయి ఉంటాయి. బాగుచేయమని ఆమె అడిగినట్టు కూడా లూకా రాయలేదు. ప్రభువే చూశాడు, పిలిచాడు, ఆమె మీద చేతులుంచాడు.

చెల్లి సంగతి చెప్పాలి. మూడు కాన్పులతో ఆమె పొట్ట కండరాలు నడిమికి విడిపోయాయి. చర్మం మడతలుపడి వేలాడేది. మన కోనసీమ ఉక్కపోతలో ఆ మడతల కింద ఒరుసుకుపోయి, ఎర్రగా పొక్కి, ఏళ్ళ తరబడి మంట. నడుము నొప్పి సరేసరి. నడిచింది, తిండి తగ్గించింది, బరువు తగ్గింది. సాగిన చర్మం మాత్రం ముడుచుకోలేదు. దీన్ని అందం కోసం చేసే ఆపరేషన్ల కిందే లెక్క కడతారు, బీమా సొమ్ము సాధారణంగా రాదు. చిట్టీ పాడుకున్న డబ్బుతో చేయించుకుంది. దేవుడిచ్చిన ఒళ్ళు కోయించుకోవడమేమిటని అన్నవాళ్ళున్నారు. నేను పైకి అనలేదు గానీ మనసులో అనుకున్నాను. ఒక రాత్రి చెల్లే అడిగింది: "అక్కా, నేనేమన్నా తప్పు చేశానంటావా?" నా దగ్గర జవాబు లేకపోయింది.

మొదటి రెండు రాత్రులూ నిద్ర లేదు. నులక మంచం కుంగుతుంది, అందులోంచి లేవాలంటే పొట్ట బిగపట్టక తప్పదు, అందుకని వద్దనుకున్నాం. పరుపు మంచం మీద వీపు కింద బూరుగు దూది దిండ్లు ఎత్తుగా పేర్చి, మోకాళ్ళ కింద ఇంకో రెండు పెట్టాం. తలా మోకాళ్ళూ ఎత్తులో, నడుము పల్లంలో ఉంటే కుట్ల మీద లాగుడు తగ్గుతుంది. కానీ దిండ్లు జారిపోయేవి. మూడో రాత్రి అమ్మ, "మీ నాన్న పడక కుర్చీ ఉందిగా" అంది. అటక మీద నుంచి దింపి, గుడ్డ గట్టిగా ఉందో లేదో లాగి చూసి, కాళ్ళ కింద ముక్కాలి పీటా దాని మీద దిండూ వేశాం. నాన్నగారు మధ్యాహ్నాలు పేపరు చదువుతూ అందులోనే కునుకు తీసేవారు. డాక్టరుగారు బొమ్మ గీసి చూపించిన భంగిమ అచ్చంగా ఆ కుర్చీదే. చెల్లి నాలుగు గంటలు నిద్రపోయింది. నాన్న ఒళ్ళో పడుకున్నట్టుందని తెల్లారి చెప్పి కళ్ళు తుడుచుకుంది.

లేవడం ఇంకో విద్య. మంచం మీద ఉంటే మోకాళ్ళు మడిచి, భుజమూ తుంటీ ఒకేసారి కదిలేలా దుంగలాగా పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దించుతూ మోచేతి బలంతో లేవాలి. బరువంతా చేతులదే, పొట్టకు పని చెప్పకూడదు. దగ్గు వస్తే దిండు హత్తుకోవాలి. కోతలో ఊరే నీరు బయటికి తీయడానికి రెండు పక్కలా పెట్టిన సన్నని గొట్టాల బుడ్డీలను నైటీకి పిన్నీసుతో తగిలించాం, లేచేటప్పుడు లాగకుండా. పొట్టకు బిగించిన బెల్టు చూసి అమ్మ, "ఇది మా నడికట్టేగా" అంది. దోమతెర అంచు తీయడానికి చెల్లి చెయ్యి చాచకూడదని నేను పక్కనే చాప వేసుకున్నాను. చిన్నవాడు ఎత్తుకోమని ఏడ్చేవాడు. ఆరు వారాలు ఎత్తకూడదు. స్టూలు వేస్తే వాడే ఎక్కి అమ్మ పక్కన కూర్చోవడం నేర్చుకున్నాడు.

ధ్యానంలో దిండ్ల సంగతేమిటని అనిపిస్తే రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీయండి. చావు కోరుకుని బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయా దగ్గరికి దూత వచ్చి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి, తినమన్నాడు. రొట్టె ఉంది, నీళ్ళు ఉన్నాయి. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. దూత కోప్పడకుండా రెండోసారి వచ్చి తట్టాడు. పడుకోనివ్వడం, లేపడం, నీళ్ళివ్వడం. ఇంటి దగ్గర మేము చేసిందీ అంతే. పూర్వం ఆపరేషన్ అయినవాళ్ళను వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి వైద్యుల పద్ధతి మారింది. ఇప్పుడు ఆ రోజో మర్నాడో లేపి నడిపిస్తారు. కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని పగలు రెండు గంటలకోసారి చెల్లిని తట్టి లేపి వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించేదాన్ని. విసుక్కునేది. అమ్మ బాలింత పథ్యం తలచుకుని నీళ్ళు తగ్గించబోతే చెంబు లాక్కున్నాను. మలబద్ధకమై ముక్కితే కుట్లకే చేటు. నీళ్ళూ, పండ్లూ, ఆకుకూరా ఉండాలి.

ఇంకొక్క మాట కచ్చితంగా చెప్పాలి. ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, గుండెలో పట్టేసినా తెల్లారేదాకా ఆగకండి. జ్వరం వచ్చినా, కోత ఎర్రబడి చీము కారినా డాక్టరుకు ఫోను చేయండి. ప్రార్థన చేస్తూనే బండి ఎక్కించండి.

ఇప్పుడు లూకా దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆ స్త్రీ విశ్రాంతిదినాన బాగుపడినందుకు సమాజమందిరపు అధికారికి కోపం వచ్చింది. పని చేయడానికి ఆరు దినాలున్నాయి, ఆ దినాల్లో రండని జనాన్ని గదమాయించాడు. ఆమెకు ప్రాణాపాయం లేదు, పద్దెనిమిదేళ్ళు ఓర్చుకున్నది ఇంకొక్క రోజు ఓర్చుకోలేదా అన్నది అతని లెక్క. ప్రభువు పశువుల మాట ఎత్తాడు. విశ్రాంతిదినమైనా ఎద్దును విప్పి నీళ్ళకు తోలుకుపోరా అని అడిగాడు. మన ఊళ్ళో ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆదివారమని గేదెను కట్టుకొయ్యకే వదిలేసేవాళ్ళు ఎవరున్నారు? పలుపు విప్పి కాలవ రేవుకు తోలతాం. ఆ విప్పడం అన్న మాటనే ప్రభువు ఆమెకూ వాడి, అబ్రాహాము కుమార్తె అని అందరి ముందూ పిలిచాడు.

ఆడవాళ్ళ ఒంటి బాధను మనం కొలిచేదీ ఆ అధికారి కొలతతోనే. ముగ్గుర్ని కన్నాక పొట్ట అలాగే ఉంటుంది, సర్దుకోవాలి అంటాం. చంపని బాధ బాధ కాదన్నట్టు. ప్రతివాళ్ళూ ఈ ఆపరేషన్‌కు పరుగెత్తాలని నేననను. ఇది చిన్న కోత కాదు, ఎవరి ఫొటోనో చూసి చేయించుకునేది అసలే కాదు. కానీ చెల్లి ప్రశ్నకు నా జవాబు ఆ కుర్చీ పక్కనే దొరికింది. చంపని బాధ మీద కూడా ఆయన చేతులుంచాడు. "తప్పు నువ్వు చేయలేదే, నిన్ను అలా అనుకుని నేను చేశాను" అని చెప్పాను.

ఆ స్త్రీ వెంటనే నిటారుగా నిలబడింది. చెల్లికి పదహారు రోజులు పట్టింది. మన కాలవల్లో పడవలు తిరిగిన కాలంలో లాకుల దగ్గర పడవను ఎవరూ పైకి ఎత్తేవారు కాదట. తలుపులు మూసి నీళ్ళు వదిలితే, నీటితోపాటు పడవ లేచేది. సరంగు చేయవలసిందల్లా కాచుకోవడం. చెల్లి దిండ్లు ఒక్కొక్కటే తీసేస్తున్నప్పుడల్లా నాకు లొల్ల లాకులే కళ్ళకు కట్టేవి.

మూడో ఆదివారం గుడికి వెళ్ళాం. చాప మీద కూర్చోలేదు కనుక వెనక కుర్చీ వేశారు. పాటకు అందరూ లేచినప్పుడు చేతుల మీద బలం వేసి తనూ లేచింది. ఎదురింటి పిన్నిగారు వెనక్కి తిరిగి చూసి, ఏమీ అడగకుండా వచ్చి పక్కన నిలబడ్డారు.

ప్రార్థన: ప్రభువా, ఈ రాత్రి వెల్లకిలా తప్ప పడుకోలేక ఫ్యాను వంక చూస్తున్నవారిని చూడు. వారిని లేపడానికి పక్కన చాప మీద మేలుకున్నవారిని కూడా చూడు. వాళ్ళ చేతులు మెత్తగా ఉండనివ్వు. దగ్గు రాకుండా, కరెంటు పోకుండా తెల్లవారనివ్వు. ఆమేన్.