ఎవరి కాలు? ఎవరి సంతకం?

మన ఇళ్ళల్లో అడగకుండా చేసేసే మేళ్ళు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నెలల పిల్లకి చెవులు కుట్టిస్తాం. కెవ్వుమని ఏడుస్తుంటే కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టుకుని మరీ కుట్టిస్తాం. ముక్కు మూసి ఆముదం పట్టిస్తాం. మొక్కు మనది, జుట్టు వాడిది అయినా తిరుపతిలో గుండు గీయించేస్తాం. అంతా వాళ్ళ మంచికే కదా అనుకుంటాం. కావచ్చు కూడా. పైగా అక్కడో వెసులుబాటుంది. ఆ పిల్లలు పెద్దవుతారు, "నన్నడక్కుండా ఎందుకు చేశావ్?" అని ఏదో ఒకనాడు నిలదీస్తారు. మా అమ్మాయి ఇంటర్ చదివే రోజుల్లో చెవికి రెండో కుట్టు తనే వేయించుకొచ్చి, "మొదటిది నీ ఇష్టం, ఇది నా ఇష్టం" అంది. లెక్క అక్కడికి సరిపోయింది.

మరి నిలదీయలేని వాళ్ళ సంగతేమిటి? నెలన్నరగా నా బుర్రని తొలిచేస్తున్న ప్రశ్న ఇది. కారణం మా సీజర్.

సీజర్ లాబ్రడార్. ఎనిమిదేళ్ళవాడు, 34 కిలోలు. (కుక్కని "వాడు" అంటోందేమిటీ అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఎనిమిదేళ్ళుగా మా గుమ్మంలో పడుకున్నవాణ్ణి "అది" అనడానికి నాకు నోరు రాదు.) ముందు కుడికాలు కుంటడం మొదలుపెట్టాడు. మణికట్టు దగ్గర వాపు. ఎక్స్‌రే తీస్తే ఎముక చెదపట్టిన కర్రలా ఉంది. ఆస్టియోసార్కోమా అనే ఎముక కాన్సరట. పెద్దజాతి కుక్కల్లో ఎక్కువగా వస్తుందట. కాలు తీసేయాలి అంది డాక్టరమ్మ. కాలంటే వాపున్నంత మేరకే అనుకున్నాను. కాదు, భుజం రెక్క ఎముకతో సహా. మనుషులకైతే కృత్రిమ కాలు తొడగడానికి వీలుగా కొంత ఉంచుతారు. కుక్కకి అలా మోడు మిగిలిస్తే అది నేలకి కొట్టుకుని పుండు పడడమే తప్ప ప్రయోజనం లేదట.

అంత చేసినా నయమవుతుందా అంటే, అవదు. ఆపరేషన్ ఒక్కటే చేయిస్తే సగటున నాలుగైదు నెలలు. తర్వాత కీమో కూడా ఇప్పిస్తే ఇంచుమించు ఏడాది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగానే కనిపించినా, చాలా కుక్కల్లో అప్పటికే జబ్బు కంటికి కనపడనంత సన్నగా అక్కడికి చేరి ఉంటుందట.

ఆ రాత్రి మా ఇంట్లో కోర్టు కూర్చుంది. "వాడి రాత ఎంతుంటే అంత. కోయడానికి మనమెవరం అమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు. మావారు గోడకేసి చూస్తూ, "ఇంత హింస పెట్టే బదులు నిద్రపుచ్చడం నయమేమో" అన్నారు. రోజూ తెల్లవారుజామున వాణ్ణి తిప్పుకొచ్చే మనిషి ఆ మాటన్నారంటే, ఎంత కష్టంగా అన్నారో నాకు తెలుసు. హైదరాబాదు హాస్టల్లోంచి అమ్మాయి ఫోన్లోనే ఏడ్చింది. ఎవరూ అడగని వాడొక్కడే, మధ్యలో పడుకుని తోక ఆడిస్తున్నాడు.

అత్తయ్యగారి మాట దగ్గర నాకో సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఆవిడ మోకాళ్ళు మార్పిద్దామని ఇద్దరు కొడుకులూ, నేనూ ఆరునెలలు బతిమాలాం. "నా కాళ్ళు, నా ఇష్టం. వద్దు" అన్నారు. అంతే! ఇవాళ్టికీ వాకరుతోనే నడుస్తారు. ఆవిడ మంచం దిగేటప్పుడు చూస్తే మనసు చివుక్కుమంటుంది గానీ, ఆ "వద్దు" ముందు మేమంతా చేతులు కట్టుకోవాల్సిందే. సీజర్‌కి ఆ "వద్దు" లేదు. ఆమాటకొస్తే "సరే" కూడా లేదు.

ఆస్పత్రి వాళ్ళిచ్చిన కాగితంలో చివర గీత గీసి, కింద "యజమాని సంతకం" అని ఉంది. మాటలతో బతికేదాన్ని కదా, నాకా మాట గొంతుకడ్డం పడింది. కుర్చీ కాలు ఊడబీకించడానికి యజమాని సంతకం చాలు. నొప్పి తెలిసే కాలికి యజమాని ఎవరండీ?

పోనీ, సంతకం పెట్టకుండా ఊరుకుంటే? రాతకి వదిలేస్తే పాపం అంటదేమో అనిపిస్తుంది. కానీ పుచ్చిన ఎముక ఊరుకోదు. రోజురోజుకీ నొప్పి పెరుగుతుంది, ఏదో ఒకరోజు మెట్టు దిగుతుండగా పుటుక్కున విరుగుతుంది. రాతకి వదిలేశాం అన్నా, వదిలిన చేతులు మనవే కదా. మావారి మాటకి జవాబు చెప్పడం ఇంకా కష్టం. ఒళ్ళంతా బాధే అయి, తగ్గే దారి లేనప్పుడు నిద్రపుచ్చడం దయే అని నేనూ ఒప్పుకుంటాను. జబ్బు అప్పటికే ఊపిరితిత్తుల్లో కనిపించి ఉంటే, లేదా మిగతా మూడు కాళ్ళూ కూడా అరిగిపోయి ఉంటే, నేనే ముందు తలూపేదాన్ని. వీడి బాధ ఒక్క కాల్లోనే ఉంది. అది పోతే నొప్పి పోతుంది. తిండి సయిస్తోంది, గేటు చప్పుడైతే చెవులు నిక్కబొడుస్తున్నాడు.

నాలుగైదు నెలల కోసమా ఇదంతా అన్నారు చాలామంది. నెలల లెక్క మనది. మనిషైతే కూతురి పెళ్ళి చూడాలంటాడు, మనవణ్ణెత్తుకోవాలంటాడు, అందుకు నెలలు కావాలి. సీజర్‌కి అలాంటి పెండింగు పనులేం లేవు. వాడికున్నది ఇవాళ, ఇవాళ్టి నొప్పి. ఆ నొప్పి గురించే నేను నిర్ణయించాలి గానీ వాడు దీపావళి చూస్తాడా, సంక్రాంతి చూస్తాడా అన్నది నా బెంగ. (ఖర్చు గురించి కూడా అడిగారనుకోండి. "కుక్కకా ఇంత!" అన్న ఒక్కరూ, మా మరిది కూతురి పెళ్ళిలో మూడు ఐస్‌క్రీం కౌంటర్లెందుకని అడగలేదు.)

మహాభారతం ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది, చదివే ఉంటారు. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడికో కుక్కపిల్ల వెళుతుంది. హవిస్సు ముట్టుకోలేదు, కనీసం అటు చూడనైనా లేదు. రాజు తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరిమారు. తల్లి సరమ, దేవతల కుక్క, నేరుగా వచ్చి అడిగింది, నా బిడ్డ చేసిన తప్పేమిటని. ఎవరి దగ్గరా జవాబు లేదు. అనుకోని భయం వచ్చిపడుతుందని శపించి వెళ్ళింది. అంతటి చక్రవర్తీ ఆ మాటకి బెంగపడి, దోషం పోగొట్టే పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు. చిన్నప్పుడు చదివినప్పుడు శాపమే గుర్తుండిపోయింది నాకు. ఇప్పుడు ఆ ప్రశ్న గుర్తొస్తోంది. ఆ గీత మీద పెన్ను పెట్టేటప్పుడు సరమ వచ్చి, "ఎందుకమ్మా?" అంటే చెప్పడానికి నా దగ్గర మాటుందా? "నొప్పి పోవడానికి తల్లీ" అనగలనా? "నేను చూడలేక" అనాల్సొస్తుందా? నాలుగు రోజులు తిరగేసుకున్నాను.

మావారు బ్యాంకులో పనిచేస్తారు గనక హామీ సంతకాల గొడవలు మా ఇంట్లో రోజూ వినేవే. హామీ ఉన్నవాడికి ఆ డబ్బు మీద హక్కేం ఉండదు. రేపు తేడా వస్తే మోయాల్సినవాడు మాత్రం వాడే. నేను పెట్టేదీ అలాంటి సంతకమే అనుకుంటే గానీ నా చెయ్యి కదల్లేదు. అప్పట్నించీ "అయ్యో కోయించకండీ" అన్న ఎదురింటావిడ మాటా, "వెంటనే చేయించేయ్" అన్న మా అన్నయ్య మాటా ఒక చెవితో విని ఊరుకున్నాను. ఇద్దరూ మంచివాళ్ళే. రాత్రి రెండింటికి వాణ్ణి లేపి వాకిట్లోకి తీసుకెళ్ళేది మాత్రం వాళ్ళు కాదు.

హామీ ఇచ్చాక ఇల్లు సర్దుకోవాలి కదా. మొహం కనపడేంత నున్నని టైల్స్ మావి. మూడు కాళ్ళవాడికి అంతకన్నా శత్రువు లేదు. వరండా నుంచి వంటింటి గుమ్మం దాకా రబ్బరు పట్టాలు పరిచాం. చాలనిచోట పాత జంపఖానాలు పరిచి, అంచులు టేపుతో అంటించాం. డాబా మెట్లకి చెక్క అడ్డం పెట్టాం. కుక్క బరువులో నూటికి 60 వంతులు ముందు కాళ్ళ మీదే ఉంటుందట. అందులో ఒకటి పోతే ముందుకి తూలతాడని, మెడ వంచక్కర్లేకుండా అన్నంగిన్నె, నీళ్ళగిన్నె పీటల మీదకెక్కించాం. ఛాతీ కింద తువ్వాలు వేసి ఎలా లేపాలో పాతిక కిలోల బియ్యం బస్తాతో నేనూ మావారూ రిహార్సల్ చేశాం. అత్తయ్యగారు నవ్వలేక నవ్వారు. మన మందుల డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాను. మనం తలనొప్పికి మింగే పారసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి వాటికి విషమవుతాయి. డాక్టరు రాసిచ్చినవి తప్ప ఏవీ వేయకూడదు.

ఇదంతా జరుగుతుంటే వాడు మహా ఖుషీగా ఉన్నాడు. ఏ పట్టా పరిస్తే దాని మీదకెళ్ళి పడుకుని, ఇది నాకేగా అన్నట్టు చూసేవాడు. ఆ చూపు తట్టుకోవడం ఆపరేషన్ కన్నా కష్టమైంది.

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు. ఇంటికి తెచ్చాక చూశాం. ఒక పక్కంతా గొరిగేసి, కుట్ల చుట్టూ కమిలి నీలంగా ఉంది. మెడకి గంపలాంటి ప్లాస్టిక్ కాలరు. మావారు వరండాలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆ రాత్రి ఒకటే మూలుగు. సగం మత్తుమందు వల్లేనని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే నా గుండె ఆగిపోయేది. మర్నాడు మధ్యాహ్నానికి తువ్వాలు సాయంతో లేచి నిలబడ్డాడు. నాలుగో రోజుకి గానీ విరేచనం కాలేదు. అయిననాడు సంబంధం కుదిరినంత సంబరపడ్డాం. పధ్నాలుగో రోజున కుట్లు విప్పారు.

మా తరం ఆడవాళ్ళకి పోయిన కాలంటే "మయూరి" గుర్తొస్తుంది. 1981లో బస్సు ప్రమాదం వల్ల కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలుతో మళ్ళీ నాట్యం చేసి, 1985లో సింగీతం శ్రీనివాసరావుగారి సినిమాలో తన కథ తనే నటించింది. టీవీలో చూసినప్పుడల్లా ఏడ్చేదాన్ని. తనేం పోగొట్టుకుందో ఆ పిల్లకి తెలుసు గనకే అది అంత పెద్ద కథ. సీజర్‌ని చూసి నేను కళ్ళొత్తుకుంటుంటే మా పనిమనిషి నాగమణి గిన్నెలు తోముతూనే అంది: "వాడేమన్నా అద్దం చూసుకుంటాడా అమ్మగారూ? మీరే చూసుకుంటన్నారు."

అయితే ఒక్కోసారి ఉన్నట్టుండి కుయ్యిమని, కాలు లేని చోటుకేసి తిరిగి చూస్తాడు. తెగిన నరాల బాధట. కోయడానికి ముందే నరానికి మత్తిచ్చారు, తగ్గడానికి గొట్టాలూ ఇచ్చారు, తగ్గుతోంది. ఆ చూపుకి మాత్రం నాగమణి దగ్గరా సమాధానం లేదు.

ఇంకో తంటా అత్తయ్యగారితో. కోయొద్దన్న మనిషే ఇప్పుడు పూటపూటా నెయ్యి ముద్ద కలిపి పెడుతున్నారు. ఒళ్ళొస్తే ఆ మూడు కాళ్ళే మొయ్యాలి అత్తయ్యా, వాడికి బరువే చేటు అంటే, "నీకు జాలి లేదే" అంటారు. ఉంది కనకే గిన్నె లాక్కుంటున్నాను అనలేక, కొలిచి పెట్టే చెంచా ఆవిడ చేతికే ఇచ్చాను. ఇప్పుడు నేను ఒక్క మెతుకు ఎక్కువ వేసినా ఊరుకోవడం లేదు.

ఇవాళ్టికి ఇరవై రెండో రోజు. పొద్దున్న గేటు దాకా తనే గెంతుతూ వెళ్ళి పాలబ్బాయిని మొరిగొచ్చాడు. వచ్చే సోమవారం లోపల కీమో సంగతి చెప్పమన్నారు. మూడు వారాలకొకసారి, నాలుగు నుంచి ఆరుసార్లు. కుక్కలకి మందు తక్కువ మోతాదులోనే ఇస్తారట, చాలావాటికి జుట్టు ఊడదట, మనుషుల్లా అంత అవస్థ ఉండదట. ఇచ్చిన తర్వాత కొన్నాళ్ళు వాడి మూత్రం కడిగేటప్పుడు చేతులకి గ్లవ్స్ వేసుకోవాలట. ఈసారి పోగొట్టాల్సిన నొప్పేమీ లేదు, కావలసింది నెలలే. అందుకే ఇది మొదటిదానికన్నా చిక్కుగా ఉంది. దీనికీ ఒక కాగితం ఇచ్చారు. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను. మావారు నీళ్ళ సీసా తీసుకున్నప్పుడల్లా దాన్ని చదువుతారు, ఏమీ అనరు.