చెడిన సిస్టం సాక్ష్యం చెల్లుతుందా?

ఇంట్లో కంప్యూటర్‌కు వైరస్ పట్టింది. ప్రోగ్రామ్‌లు ఒకటొకటే మొరాయించాయి. యాంటీవైరస్ వేసి, గంటల తరబడి స్కాన్ చేయిస్తే చివరికి తెర మీద పచ్చటి టిక్కు పడింది: ముప్పేమీ లేదట. ఆ మాట ఎవరు చెబుతున్నారు? నిన్నటిదాకా వైరస్ ఏలిన ఆ కంప్యూటరే. నమ్మాలా వద్దా అని రిపేరు షాపులో తేల్చుకునే ఈ సంగతిని మన దర్శనాలు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నాయి. ఒక జ్ఞానం నిజమని ఆ జ్ఞానంతోనే తెలుస్తుందా, బయటి నుంచి మరొకటి వచ్చి చెప్పాలా? మొదటిది స్వతఃప్రామాణ్యం, మీమాంసకుల పక్షం. రెండోది పరతఃప్రామాణ్యం, నైయాయికులది. తెలుగువాడని సంప్రదాయం చెప్పే అన్నంభట్టు కూడా తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ తగవు ఎత్తుకుని న్యాయ దర్శనం వైపే మొగ్గాడు. నాకు తోచేదేమంటే, కరణం, అంటే తెలుసుకోవడానికి వాడే సాధనం, చెడిందని ఒకసారి తెలిశాక ఈ రెండు పక్షాలూ ఆచరణలో ఒకే చోటికి వస్తాయి. ఆ కరణం తన గురించి తాను ఇచ్చే సాక్ష్యం ఇక చెల్లదు.

ఇది ఉత్త తర్కం కాదనడానికి వైరస్‌ల చరిత్రే ఆధారం. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీలోని బూట్ సెక్టార్‌లో తాను కూర్చుని, అక్కడున్న అసలు సెక్టార్‌ను వేరేచోట దాచేది. ఎవరైనా బూట్ సెక్టార్‌ను చదవబోతే ఆ అభ్యర్థనను మధ్యలోనే పట్టుకుని, దాచిపెట్టిన అసలుదాన్ని తీసి చూపించేది. చూసేవాడి కంటికి దోషం లేదు, శ్రద్ధకు లోటు లేదు. అయినా అతను చూసింది అక్కడున్నదాన్ని కాదు. 1998లో తైవాన్‌లో పుట్టిన సీఐహెచ్ తీరు వేరు. విండోస్ ప్రోగ్రామ్ ఫైలులో భాగానికీ భాగానికీ మధ్య ఖాళీలుంటాయి. అది తనను తాను ముక్కలు చేసుకుని ఆ ఖాళీల్లో సర్దుకునేది. ఫైలు సైజు ఒక్క బైటు కూడా పెరగదు. 1999 ఏప్రిల్ 26న హార్డ్ డిస్కుల మొదటి భాగాన్ని తుడిచేసి, వీలైన చోట మదర్‌బోర్డు మీది బయోస్‌నూ చెరిపేసేదాకా చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. ఆ తర్వాత 2003లో బయటపడిన శాలిటీ ప్రోగ్రామ్ తోకకు అంటుకుని, తొలి అడుగు తన మీదే పడేలా దారి మారుస్తుంది. మనం ప్రోగ్రామ్ తెరిస్తే ముందు అది నడుస్తుంది, తర్వాత ఏమీ ఎరగనట్టు అసలు ప్రోగ్రామ్‌కు దారి ఇస్తుంది. యాంటీవైరస్‌ను ఆపేస్తుంది, సేఫ్ మోడ్‌లోకి వెళ్లే దారినీ తీసేస్తుంది. దొంగ చేతికి తాళాలిచ్చి, మర్నాడు పొద్దున ఇంట్లో దొంగలెవరైనా ఉన్నారా అని అతణ్నే అడగడం లాంటిది ఆ స్కాన్.

ఇక్కడ నైయాయికుడికి ఒక చిక్కు ఉంది. జ్ఞానం నిజమో కాదో ఫలితాన్ని బట్టి తేల్చుకోమంటాడు అతను. నీళ్లున్నాయనిపించింది, వెళ్లాడు, తాగాడు, దాహం తీరింది, కాబట్టి అనిపించింది నిజమే. ఈ పరీక్షలో వైరస్ పట్టిన కంప్యూటర్ కూడా నెగ్గుతుంది. ఉత్తరం తెరుచుకుంటుంది, ప్రింటు వస్తుంది, పెళ్లి ఫోటోలు కనిపిస్తాయి. మరి న్యాయం ఓడినట్టేనా? కాదు. ఈ పరీక్షలో తేలింది ‘ఇది ఉత్తరం తెరుస్తుంది’ అన్న ఒక్కటే. ‘ఇది ఇంకే పనీ చేయదు’ అన్నది అసలు పరీక్షకే రాలేదు. విషం కలిసిన నీళ్లకూ దాహం తీరుతుంది. మామూలుగా పనిచేస్తోంది కదా, వైరస్ పోయింది లెండి అని సరిపెట్టుకునేవాళ్లు మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు అతికిస్తున్నారు.

మీమాంసకుడు కుమారిల భట్టు దీన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంటాడు. జ్ఞానాన్ని మొదట నమ్మడమే సహజం. ఆ నమ్మకాన్ని రెండే తీసేయగలవు: తర్వాత దాన్ని కొట్టేసే మరో జ్ఞానం, లేదా కరణంలో దోషం ఉందన్న ఎరుక. రోజూ పొద్దున కంప్యూటర్‌ను శంకించనక్కర్లేదని చెప్పే ఈ సిద్ధాంతమే, దోషం తెలిశాక నమ్మకాన్ని వెనక్కి తీసుకోమని కూడా చెబుతుంది. అయినా కొందరు ‘మనిషికి జబ్బు చేస్తే మందిస్తాం గాని చంపి మళ్లీ పుట్టించం కదా, వైరస్‌ను తీసేసి ప్రోగ్రామ్‌ను ఉంచుకోవచ్చు కదా’ అంటారు. కొన్నిసార్లు ఉంచుకోవచ్చు, వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, చెడిన సిస్టం నిద్రలో ఉండగా బయటి నుంచి శుభ్రం చేస్తే. అప్పుడూ చిక్కే. విరుట్ లాంటి వైరస్ అంటుకోవడంలోనే తప్పులు చేసి కొన్ని ఫైళ్లను బాగుచేయడానికి వీల్లేకుండా పాడుచేస్తుంది. ప్రోగ్రామ్‌కు మనిషికి లేని సదుపాయం ఒకటుంది: అచ్చంగా అదే, అక్షరం తేడా లేకుండా, తయారుచేసినవాళ్ల దగ్గర మళ్లీ దొరుకుతుంది. అలాంటిదాన్ని వైద్యం చేసి బతికించుకోవాలన్న మమకారం నాకు అర్థం కాదు. పోతే మళ్లీ దొరకనివి మన ఉత్తరాలు, ఫోటోలు, లెక్కలు. వాటిని బయటికి తీసుకుని డిస్కంతా ఫార్మాట్ చేయాలి. మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేయించి, విండోస్ వేయించి, ఇంటికి రాగానే పాత సెటప్ ఫైళ్లున్న డి డ్రైవ్‌ను తెరుస్తారు. శాలిటీ అక్కడే కాచుకుని ఉంటుంది. ఒక్క డబుల్ క్లిక్, కథ మళ్లీ మొదటికి.

గట్టి ఆక్షేపణ ఇంకోటుంది. కొత్తగా వేసే విండోస్ శుభ్రమని ఎవరు చెప్పారు? ఆ చెప్పినవాడు నమ్మదగినవాడని ఎవరు చెప్పారు? తార్కికులు అనవస్థ అనే దోషం ఇదే. 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో కెన్ థాంప్సన్ దీన్ని కొస దాకా తీసుకెళ్లాడు. సోర్సు కోడ్‌లో ఏ తప్పూ కనపడకుండా, దాన్ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలరే దొంగ దారి చొప్పించగలదు. ఆ కంపైలర్‌తో కొత్త కంపైలర్ తయారుచేసుకుంటే దానికీ ఆ గుణం అబ్బుతుంది. దీనికి డేవిడ్ వీలర్ 2009 నాటి తన పరిశోధన గ్రంథంలో విరుగుడు చూపించాడు: శంకించిన కంపైలర్‌తో సంబంధం లేని మరో కంపైలర్‌తో అదే సోర్సును కంపైల్ చేసి, అలా వచ్చినదానితో మళ్లీ కంపైల్ చేసి, ఫలితాలను పోల్చడం. రెండూ ఒకే తీరున చెడి ఉంటే ఇది పనిచేయదు. కాని ఒకే దోషం పంచుకోని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పారంటే శంకకు చోటు బాగా తగ్గుతుంది. మిగిలిన శంక సంగతి నైయాయికుడు ఉదయనుడు చూసుకున్నాడు. శంక వ్యాఘాతం దాకానే, అంటే మన చేతే మన మాటకు అడ్డొచ్చేదాకానే, సాగుతుందని ఆయన మాట. పొగ కావాలని నిప్పు రాజేసేవాడు, నిప్పుకూ పొగకూ సంబంధం ఉందో లేదో అనలేడు, చేతులే అతని మాటను కాదంటాయి. ఏ ప్రోగ్రామ్‌నూ నమ్మనంటూ ఆ మాటను కంప్యూటర్‌లోనే టైపు చేసేవాడిదీ అదే స్థితి.

ఇంతవరకూ వచ్చాక దీన్ని మనసుకు అన్వయించాలనిపించడం సహజం. చిత్తమూ చెడిన కరణమే కాబట్టి దాని శుద్ధిని అదే నిర్ణయించుకోలేదు, అందుకే గురువు కావాలి అంటారు. సగం ఒప్పుకుంటాను. గురువు కూడా మన సంస్కారాల్లోనే, మన మోజుల్లోనే పెరిగినవాడైతే, ఆయన దగ్గరికి వెళ్లడం అదే కంపైలర్‌తో రెండోసారి కంపైల్ చేయడమే. పైగా మనసుకు అసలు ప్రతి ఎక్కడా దొరకదు, ఫార్మాట్ లేదు. వైరస్ నడుస్తుండగానే వైరస్‌ను తీసేసుకోవాలి. కంప్యూటర్ విషయంలో నేను కాదన్న దారి సాధకుడికి మిగిలిన ఒకే దారి. అందుకే సాధన కంప్యూటర్ రిపేరు కన్నా కష్టం, రిపేరు నియమాలతో దాన్ని కొలవడం కుదరదు.

కంప్యూటర్‌కైతే దారి ఉంది. పక్కింటి సిస్టంలో విండోస్ డౌన్‌లోడ్ చేసుకుని, ఆ ఫైలు హాష్ విలువను, అంటే ఫైలు నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటిదాన్ని, తయారీదారు ప్రకటించిన దానితో సరిచూసుకోవాలి. అంకెలూ అక్షరాలూ కలిసి 64 ఉంటాయి. ఎవరూ అన్నీ చూడరు. మొదటి నాలుగు చూస్తారు, చివరి నాలుగు చూస్తారు. ఆ ఎనిమిదీ పొరపాటున కలిసిపోయే అవకాశం సుమారు 430 కోట్లలో ఒకటి. పనిగట్టుకుని మోసం చేసేవాడికి అదేమంత పెద్ద అడ్డంకి కాదు గాని, ఆ సంగతి ఆ నిమిషంలో ఎవరికి గుర్తుంటుంది? మధ్యనున్న 56 కుమారిలుడి లెక్కలో చదివినట్టే.