గోత్రం అడిగిన గురువు

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయాన్ని ఎం.ఏ. పిల్లలకు ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. ప్రతి ఏడూ సత్యకామ జాబాలుడి కథ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మెత్తబడేది. చదువుకు వెళ్లబోతూ పిల్లవాడు తల్లిని గోత్రం అడుగుతాడు. పడుచుతనంలో పలుచోట్ల పనులు చేస్తూ తిరిగే రోజుల్లో నువ్వు పుట్టావు, గోత్రం ఏదో నాకు తెలియదు, నేను జబాలను, నువ్వు సత్యకాముడివి, సత్యకామ జాబాలుడినని చెప్పుకో అంటుంది తల్లి. వాడు హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్లి ఆ మాటే పొల్లుపోకుండా చెబుతాడు. సమిధలు తీసుకురా, నిన్ను చేర్చుకుంటాను, నువ్వు సత్యాన్ని విడవలేదు అంటాడు గురువు.

మన చదువుల చరిత్రలో ఇంత గొప్ప అడ్మిషన్ మరొకటి లేదని క్లాసులో చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట అంత తేలిగ్గా నోటికి రావడం లేదు.

కొన్నేళ్ల కిందట మా స్కూల్‌లో పీహెచ్‌డీ ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. యూనివర్సిటీలో స్కూల్ అంటే నాలుగైదు డిపార్ట్‌మెంట్లను ఒక గొడుగు కిందికి తెచ్చిన విభాగం. భద్రాచలం వైపు కోయ గూడెం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పుస్తకం లేని చోట పెద్దల నోటి మాట ప్రమాణం ఎలా అవుతుందన్నది తన పరిశోధన అంశం. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి మాట ఎత్తుకుంది. ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమే అంటాడాయన. "అట్లయితే మా గూడెం పెద్దమనిషి మాట కూడా శబ్దప్రమాణమే కదా" అంది. బెదురు లేదు, తడబాటు లేదు.

నాకు ముచ్చటేసింది. "నిన్ను చూస్తే ఏజెన్సీ నుంచి వచ్చినట్టే లేదమ్మా" అన్నాను. మెచ్చుకోలుగానే అన్నాను.

ఆ అమ్మాయి ఒక్క క్షణం నా వైపు చూసి, "ఎట్ల ఉండాలె మేడం?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి ఛాందోగ్యం మళ్లీ తీశాను. ఇన్నేళ్లూ చదువుతూనే దాటవేసిన వాక్యం ఒకటి అక్కడే ఉంది. సమిధలు తెమ్మనే ముందు గౌతముడు ఇంకో మాట అంటాడు. బ్రాహ్మణుడు కానివాడు ఇలా చెప్పలేడు అంటాడు. అంటే ఆయన పిల్లవాడి నిజాయితీని చూశాడు గానీ, అది తన గీతకు అవతల కూడా ఉండగలదని అనుకోలేదు. నిజం చెప్పాడు కాబట్టి ఇతను మనవాడే అయి ఉంటాడని నిశ్చయించుకున్నాడు. వాత్స్యాయనుడి నిర్వచనం పెట్టిన అమ్మాయితో నేనన్నది సరిగ్గా ఇదే.

నేను కథను సాగదీసి అర్థం చెప్పడం లేదు. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలో అపశూద్రాధికరణం ఉంది. అందులో 37వ సూత్రానికి శంకరులు ఉదాహరణగా తెచ్చింది ఈ కథనే. శూద్రుడు కాదని తేల్చుకున్నాకే గౌతముడు ఉపనయనానికి పూనుకున్నాడు కాబట్టి శూద్రుడికి వేదాధికారం లేదనడానికి ఇది సాక్ష్యం అంటారు. ఇతిహాస పురాణాల ద్వారా జ్ఞానం నాలుగు వర్ణాలకూ అందుతుందని అక్కడే ఒప్పుకుంటారు, విదురుణ్ణీ ధర్మవ్యాధుణ్ణీ తలుచుకుంటారు. అయినా వేదం గడప దగ్గర మాత్రం గీత గీతే. అన్నిటిలో ఉన్నది ఒకే ఆత్మ అని అంత నిష్ఠగా నిరూపించిన మనిషి కలం ఇక్కడ ఎందుకు ఆగిపోయిందన్నది నన్ను ఈనాటికీ బాధపెట్టే ప్రశ్న. పారమార్థికం వేరు, వ్యవహారం వేరు అనే సమాధానం నాకు తెలుసు. పరీక్షలో రాస్తే మార్కులు వేస్తాను. కానీ చదువు చెప్పడం వ్యవహారమే కదా. ఆత్మ ఒకటే అన్న మాట అక్కడ పనికిరాకపోతే ఇంకెక్కడ పనికొస్తుంది?

మా అడ్మిషన్ల గదిలో రిజర్వేషన్ల రోస్టర్ పట్టిక ఉంటుంది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, ఈడబ్ల్యూఎస్‌కు 10. కేంద్రీయ విద్యాసంస్థల్లో ఓబీసీల 27 శాతం 2006 చట్టంతో వచ్చి, 2008లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత గాని అమలు కాలేదు. ఆ అంకెలు లేకపోతే తలుపు తెరుచుకునేదే కాదు, అందులో నాకు సందేహం లేదు. తలుపు లోపల మేం అనే మాటలకు మాత్రం రోస్టర్ లేదు.

ఆ అమ్మాయి చేరింది. మరుసటి ఏడు సత్యకాముడి పాఠానికి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. గోత్రం ప్రశ్న రాగానే చెయ్యెత్తింది. "మా దగ్గర గట్టు అడుగుతరు మేడం. ఒకే గట్టోళ్లు అన్నదమ్ముల లెక్క, పెండ్లి చేసుకోరు. అందుకు అడుగుతరు. నేర్పేటందుకు అడగరు." క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. వంశం అడగడానికీ అర్హత అడగడానికీ ఉన్న తేడాను నేను ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అంత సూటిగా చెప్పలేదు.

గౌతముడు చేర్చుకున్నాక ఏం చేశాడన్నది కూడా ఇప్పుడు ఆగి చదువుతున్నాను. బక్కచిక్కిన నాలుగు వందల ఆవుల్ని అప్పగించి తోలుకుపొమ్మన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా పిల్లవాడు ఏళ్లకేళ్లు గురువుకు దూరంగానే ఉన్నాడు. బ్రహ్మవిద్యలో నాలుగు పాదాలూ వృషభం, అగ్ని, హంస, ఒక నీటిపక్షి చెప్పాయి. తిరిగొచ్చాక, నాకు మీరే చెప్పాలి అని సత్యకాముడు నోరు తెరిచి అడిగితే అప్పుడు గురువు చెప్పాడు, ఏమీ మిగల్చకుండా చెప్పాడు.

అంతకంటే నన్ను కలవరపెట్టేది దాని తర్వాతి కథ. సత్యకాముడు తానే ఆచార్యుడయ్యాడు. ఉపకోసలుడనే శిష్యుడు పన్నెండేళ్లు ఆయన అగ్నుల్ని కాపాడాడు. తక్కిన శిష్యులందరికీ చదువు ముగించి పంపేశాడు, ఇతన్ని మాత్రం పంపలేదు. ఈ పిల్లవాడు శ్రద్ధగా సేవ చేశాడు, అగ్నులు మిమ్మల్ని నిందించకముందే అతనికి చెప్పండి అని భార్య అడిగింది. ఆయన చెప్పకుండానే ప్రయాణమైపోయాడు. ఉపకోసలుడు బెంగతో అన్నం మానేశాడు. గోత్రం తెలియక గడప దగ్గర నిలబడిన పిల్లవాడే పెద్దయ్యాక ఇంకొకరిని గడప దగ్గర నిలబెట్టాడు. ఉపనిషత్తు ఈ సంగతిని దాచలేదు. నాకు దాని మీద గౌరవం పెరిగింది అందుకే.

ఇది రాస్తుంటే నా బల్ల మీద ఆ అమ్మాయి థీసిస్ మూడో అధ్యాయం ఉంది. ఇచ్చి ఐదు వారాలైంది. సెమినార్లు, మీటింగులు అని రెండుసార్లు వాయిదా వేశాను. రెండుసార్లూ "పర్లేదు మేడం" అంది. రెండో పేజీలో గూడెం పెద్దమనిషి చెప్పిన మాటను ముందు కోయలో రాసి, కింద తెలుగులో అర్థం రాసింది. కోయ నాకు రాదు. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో గీత పెట్టాను. రేపు పొద్దున పదింటికి రమ్మని ఇప్పుడే ఫోన్ చేశాను. ముందుగా ఆ వాక్యాన్ని తను చదివి వినిపిస్తే నేను వినాలి.