శిశువియోగము – విశ్వాసము



ఆర్మూరు ప్రాంతమువారికి లెక్క యననేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. తొలకరి వానలకు పసుపు విత్తనము నేలలో పెట్టినది మొదలు, ఎనిమిది తొమ్మిది నెలలు కాచి, త్రవ్వి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెఱుగుపట్టి, నిజామాబాదు మార్కెట్టుయార్డునకు చేర్చువఱకు రైతు ప్రతి పనికిని లెక్క చూచుకొనును. కొమ్మున కొక ధర, మండ కొక ధర. దడువాయి తూచి చెప్పిన బరువునకు అమ్మువాడును కొనువాడును సమ్మతింతురు. ఇట్లు సమస్తమును తూకమునకు తెచ్చుట కలవాటుపడిన మనము, ఇంటిలో ఒక బిడ్డ కన్నుమూసిన దినమున కూడ లెక్కయే యడుగుదుము. ఏ పాపమున కీ ఫలము? ఇందఱుండగా నా బిడ్డయే యేల? ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకనిచో భగవంతునియందు విశ్వాసము నిలుచునా? నేటి మన విచార మిదియే.

శోకగృహమునకు వచ్చువారిలో పలువురు ఉత్తరమును వెంటబెట్టుకొనియే వచ్చెదరు. పూర్వజన్మకర్మమని యొకరు, దృష్టిదోషమని యొకరు, జాతకదోషమని యొకరు, మ్రొక్కు చెల్లింపనందున దేవు డలిగెనని మఱియొకరు చెప్పుదురు. త్రోవలు వేఱైనను ఈ మాటలన్నియు తుదకు చేరునది యొక్కచోటికే. అది తల్లి తల. పాలిచ్చిన చేతులతోనే ప్రాణము తీసితినేమో యను శంక ఆమె యెదలో నాటుకొనును. ఓదార్ప వచ్చినవారు రెండు గడియలుండి తమ యిండ్లకు పోవుదురు. ఆ శంక మాత్రము యావజ్జీవము ఆ యింటనే కాపురముండును. శోకము సహింపరానిది, అపరాధభావము కలిసిన శోకము మఱింత సహింపరానిది. మొదటిదానిని మన మాపలేకపోవచ్చును గాని, రెండవదానిని కల్పింపకుండుట మన చేతిలోనిదే.

ఈ విషయమున బుద్ధిని కొంచెము మేల్కొల్పుదము. మన దేశమున 1971లో పుట్టిన ప్రతి 1,000 మంది శిశువులలో 129 మంది ఏడాది నిండకమునుపే గతించిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. ఈ యేబదియేండ్లలో తల్లుల పూర్వజన్మపాపములు తఱిగిపోయినవా? గ్రహములు తమ గతిని మార్చుకొన్నవా? ధనుర్వాతమునకును తట్టునకును టీకాలు వచ్చినవి. అతిసారమునకు ఉప్పు చక్కెర కలిపిన నీరు మందైనది. స్త్రీలకు విద్యయు, కాన్పులకు ఆసుపత్రులును సమకూడినవి. అందువలననే బిడ్డలు బ్రదికిరి. కావున ఆనాటి 129 మంది తల్లులును విధిచేత శిక్షింపబడినవారు కారు. 2020 నాటి 28 మంది తల్లులును కారు. మందు దొరికియు నిలువని ప్రాణములు గలవు. ఎంత జాగరూకతయు కాపాడలేని వ్యాధులు గలవు. దయామయుడగు తండ్రి, పెద్దల తప్పునకు పసిబిడ్డను దండించునని చెప్పుట ఆయనను స్తుతించుట కాదు, నిందించుటయే.

మఱికొందఱు సజ్జనులు ఇంకొక రీతిని ఊఱడింతురు. పసుపును ఉడుకబెట్టినగాని అది నిలువయుండదు, ఎండినగాని మెఱుగెక్కదు. అట్లే దేవుడు మనలను దుఃఖమున ఉడికించి శుద్ధిచేయుచున్నాడందురు. ఈ యుపమానము పసుపు పండు సీమలో వినుట కింపుగనే యుండును. కాని నే నొప్పుకొనజాలను. రైతు దుంపను ఉడికించునది లాభముకొఱకు. భగవంతుడు లాభమెంచు వర్తకుడు కాడు. మనకు పాఠము నేర్పుటకై ఒక శిశువు ప్రాణము తీయబడెనని నమ్మినచో, ఆ శిశువు మన మేలునకు వాడుకొన్న వస్తువగును. ఆ బిడ్డ తన జీవనము తాను జీవించుటకై పుట్టెను. అది ఆఱు దినములైనను, ఆఱు వత్సరములైనను, అదియు నొక సంపూర్ణమైన దానమే.

అట్లయిన విశ్వాసమనగా నేమి? కారణము తెలియుట విశ్వాసము కాదు. కారణము తెలియకయే చేయి విడువకుండుట విశ్వాసము. చీకటిలో మేల్కొన్న పసివాడు దీప మెందు కాఱెనని విచారింపడు. తల్లి చేతికై తడవును. ఆ తడవుటయే ప్రార్థన. ఏడ్చుచు ప్రార్థింపవచ్చును; కోపముతో ప్రార్థింపవచ్చును; మాట రాక మౌనముగ కూర్చుండి ప్రార్థింపవచ్చును. మగవాడు కంటతడి పెట్టరాదను నియమము ఏ ధర్మమునందును లేదు.

రవీంద్రనాథ ఠాకూరుగారి జీవితమును చూడుడు. 1902లో పత్నియు, 1903లో కుమార్తె రేణుకయు, 1907లో కనిష్ఠపుత్రుడు శమీంద్రుడును ఆయనను విడిచిపోయిరి. ముంగేరులో కలరా వాతబడిన శమీంద్రునికి అప్పటికి పదునొకండేండ్లు నిండలేదు. పిమ్మట 1932లో ఆయన దౌహిత్రుడు నీతీంద్రుడు జర్మనీదేశమున మరణించెను. అప్పుడు పుత్రశోకముననున్న తన కుమార్తె మీరాదేవికి వ్రాసిన లేఖలో, శమి పోయిన మఱునాటి రాత్రి తాను చేసిన రైలుప్రయాణమును ఆయన స్మరించెను. ఆకాశమంతయు వెన్నెల నిండియుండెననియు, అందేదియు కొఱతపడినట్లు కానరాలేదనియు, సమస్తమునందే సమస్తమును నిలిచియున్నదని తన మనసునకు తోచెననియు, ఆ సమస్తముకొఱకు తన పనియు మిగిలియున్నదనియు తెలిపెను. ఇందు గమనింపదగిన సంగతి యొకటి గలదు. ఆ రాత్రి గడచి అప్పటికి ఇరువదియైదేండ్లైనది. అయినను ఆ తండ్రి మఱవలేదు. అంగీకారమనగా మఱపు కాదు. జరిగినది మంచిదని యొప్పుకొనుటయు కాదు. నాది యనుకొన్నది నా సొత్తుగా కాక, అనంతుని చేతినుండి కొన్నినాళ్లు నా యొడిలో నిలిచిన కానుకయని గ్రహించి, కన్నీటితోనే కృతజ్ఞతను చెప్పగలుగుట అంగీకారము.

అయితే మిగిలిపోయిన ప్రేమ మాట యేమి? బిడ్డ పోయినను బిడ్డకై పుట్టిన వాత్సల్యము పోదు. దానికి త్రోవ చూపనిచో అది హృదయమును కాల్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు విద్యకై అమెరికాకు పోయిన పిమ్మట ఇచ్చట ఆయనకు కుమారుడు కలిగెను. తండ్రి కన్నులార చూడకమునుపే ఆ శిశువు గతించెను. ఇచ్చట బిడ్డను మోసి, పెంచి, పోగొట్టుకొన్న ఆ తల్లిని సుబ్బారావుగారి ఖ్యాతిని పొగడునప్పుడు మనము మఱవరాదు. ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనశాలలో తయారైన అమినోప్టెరిన్ అను ఔషధమును, బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది బాలబాలికలకిచ్చి చూచెను. 10 మందికి వ్యాధి ఉపశమించినట్లు 1948లో ప్రకటించెను. ఆ యుపశమనము తాత్కాలికమే. అయినను ఆ త్రోవనే నడచి నేడు సంపన్నదేశములలో ఆ వ్యాధిలో అధికముగ కనబడు తెగ సోకిన బాలురు నూటికి ఎనుబదియైదుగురికి మించి బ్రదుకుచున్నారు. ఆ వత్సరముననే సుబ్బారావుగారును దివంగతులైరి. శోకమునకు బదులుగా ఈ ఫలము దొరకెనని లెక్క కట్టకుడు. ఏ ఔషధమును ఒక బిడ్డకు వెల కాజాలదు. తన బిడ్డను ఎత్తుకొన నోచని చేతులు పరుల బిడ్డలకు ఊపిరినిచ్చు పనిలో నిలిచెననుట మాత్రము మనకు చాలును.

అందఱును అంతటివారు కానక్కఱలేదు. పొరుగింటి బాలునికి సకాలమున టీకా వేయించుట, పసుపు ఉడికించు కల్లములకడ ఆడుకొను కూలివారి బిడ్డలకు బడి చూపుట, పుస్తకములు కొనియిచ్చుట – ఇవియు త్రోవలే.

ఇక శోకగృహమునకు పోవు మనకు రెండు మాటలు. ఇంకొక బిడ్డ కలుగునులే యని చెప్పకుడు. ఒక బిడ్డ ఇంకొక బిడ్డకు బదులు కాదు. పోయిన బిడ్డ పేరును ఉచ్చరించుటకు భయపడకుడు. ఆ పేరు ఇతరుల నోట వినుట తల్లికి ఊరటయే. అన్నిటికన్న ముఖ్యమైన దొకటి. బిడ్డను పోగొట్టుకొన్నదని సీమంతమునకును, బారసాలకును ఆమెను పిలువక విడుచువారు కొందఱు గలరు. లోకమునకెల్ల పసుపు పంపు సీమలో ఒక దుఃఖిత పాదములకు చిటికెడు పసుపు కఱవగునా? ఆమెను ముందు పిలువుడు. ముందుగ ఆమెచేతనే శిశువును దీవింపజేయుడు. ఊరి ప్రక్కన నవనాథ సిద్ధుల గుట్టపై తొమ్మిదిమంది సిద్ధులు తపము చేసిరని జనుల నమ్మిక. బిడ్డను మట్టికప్పగించి వచ్చి, మిగిలినవారికొఱకు మఱునాడు పొయ్యి వెలిగించిన తల్లి తపము దానికి తీసిపోదు. అట్టి తపస్విని అశుభమనువాడు శుభమననేమో యెఱుగడు.

ఓ కరుణామయా! మా ప్రశ్నలకు నీవు బదులీయనప్పుడును మమ్ము విడువకుము. మా బిడ్డలు మా యొడి దాటిరి గాని నీ యొడి దాటలేదను నమ్మకమును మాకు ప్రసాదింపుము. తల్లులను నిందించు నోళ్లను మాన్పుము. మా యెదలలో మిగిలిన ప్రేమకు దారి చూపుము. మా కన్నీటిని తూచక, అట్లే స్వీకరింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.