ఇంటి దిక్కులు ఎవరు చెప్పాలి?



కందులు అమ్మిన పైసలు చేతికొచ్చి ఎండాకాలం మొదలైతే, మన దౌల్తాబాద్ దిక్కు పాత ఇండ్ల మరమ్మతు మొదలైతది. తాతల నాటి మట్టిగోడలు, పైన దూలాలు, కింద తాండూరు బండలు. వానాకాలం వస్తే ఇల్లంతా కురుస్తది. మరమ్మతు చేయించవలసిందే. కానీ మేస్త్రీ కంటే ముందు ఇంటికి వచ్చేదెవరు? వాస్తు చెప్పే మనిషి. "ఈ తలుపు మూసెయ్యి, ఆ గోడ తియ్యి, లేకుంటే యజమానికి గండం" అంటడు. గట్టిగున్న గోడ కూలుతది. కప్పుకోసం దాచిన పైసలు దానికే అయిపోతయి. మిగిలిన పనికి మిత్తికి తేవాలె. కప్పు మాత్రం అట్లనే కురుస్తది.

దీక్ష తీసుకున్న ఇండ్లల్లో కూడా ఇదే జరుగుతున్నది. గోడకు బాబాసాహెబ్ ఫోటో, గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ! ఈ రెండూ ఒక్క ఇంట్ల ఎట్ల ఇముడుతయో మీరే ఆలోచించండి.

వాస్తుకు ఆధారమని చెప్పే గ్రంథాల్లో వరాహమిహిరుని బృహత్సంహిత ఒకటి. అందులో ఇంటి వెడల్పును వర్ణాన్ని బట్టి విధించారు. బ్రాహ్మణునికి ఎక్కువ, కిందికి పోయిన కొద్దీ తక్కువ. కౌటిల్యుని అర్థశాస్త్రమైతే చండాలుర నివాసాన్ని శ్మశానం అంచుకు నెట్టింది. మన వాడలు ఊరి అవతల ఎందుకున్నయో దీన్ని బట్టే తెలుస్తలేదా? మనల్ని ఊరి బయట పెట్టిన కొలతలతోనే మళ్ళీ మన ఇల్లు కొలిపించుకోవడమా?

వెలుతురు, గాలి, నీళ్ళు పోయే వాటం చూడాలె, నిజమే. అవి మేస్త్రీకి తెలుసు. మట్టిగోడ మీద సిమెంటు పూస్తే లోపలి తేమ ఆరక పెచ్చులూడుతదని, సున్నం పూతే మేలని అతనే చెప్తడు. ఇది అనుభవం మీద తేలిన విద్య. గండాల మాట అట్లాంటిది కాదు. స్థలాల మంచిచెడ్డలు చెప్పి బతకడాన్ని దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తం శ్రమణులకు తగని హీనవిద్యల్లో లెక్కగట్టింది.

మరి దిక్కులే లేవా? ఉన్నయి. రాజగృహంలో సిగాలుడనే యువకుడు తండ్రి చివరి మాట ప్రకారం, తడిబట్టలతో పొద్దున్నే ఆరు దిక్కులకు మొక్కుతుంటే బుద్ధుడు చూశాడు. అతన్ని ఎగతాళి చేయలేదు. దిక్కులంటే మనుషులని, వారి పట్ల బాధ్యత నెరవేర్చడమే అసలు మొక్కు అని వివరించాడు. మన ఇంటి మరమ్మతుకు ఆ ఆరు దిక్కులే కొలత కావాలె.

తూర్పు తల్లిదండ్రులు. మోకాళ్ళ నొప్పులున్న అవ్వ దాటలేని గడప ఎందుకు? స్నానం చేసే చోట నున్నటి బండ వేస్తే ఆమె జారి పడదా? గరుకు బండ వేయండి.

దక్షిణం గురువులు. బాబాసాహెబ్ బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు పుస్తకాలకు పెద్ద చోటు ఇచ్చారు. మన ఇంట్ల పిల్లలకు ఒక కిటికీ, ఒక దీపం, పుస్తకాలకు ఒక అర ఉండొద్దా?

పడమర భార్యాబిడ్డలు. వంటింటి పొగ బయటికి పోవాలె. మరుగుదొడ్డి ఇంటి దగ్గరే ఉండాలె. రంగుల కంటే ముందు ఈ రెండు.

ఉత్తరం మిత్రులు. పాత అరుగు కూలగొట్టకండి. ఏ కులపోళ్ళు వచ్చినా సమానంగా కూర్చునే జాగ అది.

పైదిక్కు శ్రమణులు, ధమ్మం చెప్పేవాళ్ళు. వాళ్ళకు తలుపు తెరిచి ఉంచండి.

కిందిదిక్కు పనివాళ్ళు. మనం మరిచేది ఈ దిక్కునే. శక్తికి తగిన పని, కూలి, తిండి ఇవ్వాలని, జబ్బు చేస్తే చూసుకోవాలని, మంచి వంట వండితే వాళ్ళకూ పెట్టాలని, వేళకు సెలవియ్యాలని బుద్ధుడు విడివిడిగా చెప్పాడు. తాండూరు గనుల్లో బండ తీసినోడు, మన వాకిట్ల మిషన్‌తో బండ కోసినోడు ఎక్కువగా మనసొంటి ఇండ్లల్లోంచి వచ్చినోళ్ళే. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్ళు పోసి కోయించండి, మూతికి గుడ్డ ఇయ్యండి. వాస్తుకు వేలు పోసి, కూలీకి "వచ్చే వారం ఇస్త" అంటే ఆ ఇంటికి పట్టిన దోషం అదే. వేరే దోషం లేదు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఎనిమిదోది బ్రాహ్మణునితో ఏ కర్మకాండా చేయించనని. తొమ్మిదోది మనుషులంతా సమానమని. గృహప్రవేశం నాడు మొదటిది పాటించి రెండోది మరిస్తే ప్రతిజ్ఞ సగమే నిలిచినట్టు. ముహూర్తం చూడకండి, అందరికీ వీలైన రోజు చూడండి. త్రిశరణ పంచశీల చెప్పుకొని, ఇల్లు నిలబెట్టిన మేస్త్రీని, కూలీలను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టండి. వాళ్ళ కూలి బాకీ ఆ రోజుకు ఒక్క పైసా మిగలకూడదు.

జై భీమ్! నమో బుద్ధాయ!