ఆపదలో పారాయణము

తాడిపత్రిలో పెన్నానది ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి వెలసియున్నాడు. చింతల వేంకటరమణస్వామి ఆలయమువలెనే ఇదియు విజయనగర ప్రభువుల కాలమున పెమ్మసాని నాయకులు కట్టించినది. లింగమూలమున నీరూరుచుండుటచే స్వామికి 'బుగ్గ' అను పేరు కలిగినది. చుట్టునున్న అనంతపురము సీమలోనో, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఇసుక తేలిన యేటి చెంత ఊరెడి ఆ జలము ఆపన్నులకు ఒక పాఠము చెప్పుచున్నది.

వానలు మొగము చాటువేసి వేరుసెనగ చేలు వాడినప్పుడు విరాటపర్వము చదివించుట మన పెద్దల ఆచారము. చదివినంతనే వాన కురియునా యని కొందరు ప్రశ్నింతురు. ఆ పర్వమునే శ్రద్ధగా వినుడు. పాండవుల జాడ తెలియక కౌరవులు తర్కించుచుండగా భీష్ముడు ఒక గుర్తు చెప్పెను. ధర్మరాజు నివసించు చోట జనులు సత్యము పలుకుదురు, దానము చేయుదురు, అసూయ నెరుగరు. అచ్చట మేఘములు సకాలమున వర్షించునని ఆయన భావము. కావున పారాయణము వానకు చెల్లించు మూల్యము కాదు. విన్నవారు తమ ఊరిని ధర్మరాజున్న ఊరివలె దిద్దుకొనవలెను. బోరులో నీరున్నవాడు పొరుగువాని పశువులకు ఇంత నీరు విడువవలెను. చెరువు పూడిక తీయుటకు అందరును చేయి కలుపవలెను.

అట్లు చేసినను వాన రాకపోవచ్చును. పైరు పోయి, అప్పు మిగిలి, రాత్రులు నిద్రపట్టని గృహస్థు అప్పుడేమి చేయవలెను? అతనికి గజేంద్రుని కథ శరణ్యము. మొసలి పట్టున వేయేండ్లు పెనగి, బలము ఉడిగిన పిదప, ఆ ఏనుగు పూర్వజన్మమున అభ్యసించిన స్తోత్రమును స్మరించినదని భాగవతము చెప్పుచున్నది. దుఃఖము ముంచుకొనివచ్చినప్పుడు క్రొత్తమాటలు తోచవు. ముందు నేర్చినవే లోనుండి ఊరివచ్చును. కలిమినాడు కంఠస్థము చేసిన పద్యము లేమినాటి బుగ్గ. పోతనామాత్యుడు గజేంద్రుని నోట సంశయమును సైతము పలికించినాడు. దేవుడున్నాడో లేడో యని కలత పడిన మనస్సు సైతము ప్రార్థింపవచ్చునని దీని తాత్పర్యము.

మరియొక విషయము. ఒడ్డుననున్న ఏనుగులు తమ రాజును విడిపింప యత్నించి విఫలములైనవి. మనము అట్లు చేతులు ముడుచుకొననక్కరలేదు. కష్టములో నున్నవాని యింటికి పోయి, అరుగుమీద అతని ప్రక్కన కూర్చుండి, ఒక ఘట్టము చదువుడు. చదివిన పిదప అతడు చెప్పునది వినుడు. అప్పుమాట ఎత్తినచో దారి వెదకుటకు తోడ్పడుడు. బ్రతుకుపై విరక్తి మాట పలికినచో అతనిని ఆ రాత్రి ఒంటరిగా విడువకుడు.

కష్టములోనున్న సోదరులారా! మొరపెట్టుకొనుట పిరికితనము కాదు. మదపుటేనుగునకే అది తప్పలేదు. దైవమునకు మొర వినిపించిన నోటితోనే ఇరుగుపొరుగునకును వినిపింపుడు. భగవంతుని కరుణ తరచుగా మనుష్యుల కాళ్లతోనే నడచివచ్చును.

బుగ్గ రామలింగేశ్వరుడు ఈ సీమ గుండెలలో తడి ఆరనీయకుండుగాక!