పేరుకుపోయిన బట్టలు ఎవరి బాకీ?

ఇంట్లో ఒక మనిషికి పని మించిపోయింది. మూల గదిలో బట్టలు గుట్టగా పేరుకున్నాయి. ఆమె అక్క కావచ్చు, వదిన కావచ్చు, అమ్మ కావచ్చు. మనం గంప నెత్తికెత్తుకుని గెడ్డకు వెళ్లి, ఆ బట్టలు ఉతికి తెచ్చి దండెం మీద ఆరేశాం. మనం చేసినది సాయమా? లేక తీర్చవలసిన బాకీ తీర్చడమా? వినడానికి ఇది మాటల తేడాలాగే ఉంటుంది. కానీ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చేది ఈ తేడాయే అని మేము అనుకుంటున్నాం. మన యువతీయువకులు, ఉపాధ్యాయులు దీని గురించి కలిసి ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గుట్ట ఎలా పెరుగుతుందో ముందు చూద్దాం. మా కొండల్లో ముసురు పట్టిందంటే రోజుల తరబడి ఎండ పొడ కనబడదు. ఉతికిన బట్ట ఆరదు. పొయ్యి మీద తాడు కట్టి ఆరేస్తే పొగ వాసన పడుతుంది. గెడ్డ పొంగితే రాళ్ల దగ్గరికి దిగడానికే భయం. అదే కాలంలో జ్వరాలు వస్తాయి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో పూటకు ఎన్ని గుడ్డలు తడుస్తాయో లెక్క ఉండదు. పొలంలో నాట్లు, కలుపు కూడా అప్పుడే. ఇన్నీ ఒక్క మనిషి మీద పడ్డప్పుడు గుట్ట పెరగక ఏం చేస్తుంది?

ఇంకో సంగతి కూడా ఉంది. మన తాతల కాలంలో మనిషికి ఒంటి మీద ఒక బట్ట, మార్చుకోవడానికి ఇంకొకటి. ఇప్పుడు పిల్లలకు బడి యూనిఫారాలున్నాయి, కుర్రవాళ్లకు జీన్స్ ప్యాంట్లున్నాయి, సంతలో కొన్న మందపాటి రగ్గులున్నాయి. తడిసిన రగ్గు పిండడానికి ఇద్దరు మనుషులు కావాలి. బట్టలు పెరిగాయి, ఉతికే చేతులు తగ్గాయి. పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు. మగవాళ్లు కూలికి దూరం పోతున్నారు. అందువల్ల “మా కాలంలో మేము చేసుకోలేదా?” అని పెద్దవాళ్లు అనడం న్యాయం కాదు. ఆ కాలపు పని వేరు, ఈ కాలపు పని వేరు.

మైదాన గ్రామాల్లో బట్టలుతికే పనిని ఒక కులానికి కట్టబెట్టారు. ఊరంతటి మురికినీ ఆ కులం ఉతికింది. పండగకు పబ్బానికి పెట్టిన గింజలు, అన్నం ముద్దలే దానికి కూలి. పని చేసినవాళ్లను తక్కువ చేసి చూసిన తప్పు ఆ సమాజానిది. ఆ కులంలో పుట్టిన పాలకుర్తి ఐలమ్మ తన పంట కోసం, భూమి కోసం దొరతో తలపడిన సంగతి మనందరికీ తెలుసు. మా కొండ గూడేల్లో ఎక్కువ చోట్ల అలాంటి ఏర్పాటు లేదు. ఎవరి ఇంటి బట్టలు వాళ్లే ఉతుక్కున్నారు. మన మురికిని మోయమని మనం ఒక కులాన్ని పుట్టించలేదు. ఇది గర్వంగా చెప్పుకోదగ్గ మాటే. అయితే “ఎవరి ఇంటివి వాళ్లే” అన్నప్పుడు ఆ “వాళ్లు” ఎవరు? ఇంట్లో ఆరుగురు ఉంటే ఆరుగురూ ఉతికారా? ఊరు మొత్తంలో ఒక కులం మీద వేయని బరువును ఇంటి లోపల ఒక్క మనిషి మీద వేస్తే, ఆ గర్వం సగమే నిజం.

2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వే లెక్కలు ప్రభుత్వం ప్రకటించింది. ఆరేళ్లు, ఆ పైబడినవాళ్లలో జీతం లేని ఇంటి పనులు చేసినవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. చేసినవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పని చేస్తే, మగవాళ్లు చేసినది 97 నిమిషాలు. ఇది దేశం మొత్తం లెక్క. మన గూడెం లెక్క ఎలా ఉందో తెలుసుకోవడానికి సర్వే అక్కర్లేదు. ఆదివారం ఉదయం గెడ్డ దగ్గర నిలబడి చూస్తే చాలు.

వెట్టి అంటే ఏమిటో మన పెద్దలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మన్యంలో రోడ్లు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన మనుషులను బలవంతంగా తోలాడు. న్యాయమైన కూలి ఇవ్వలేదు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాము గంటం దొర, మల్లు దొర లాంటివాళ్లు నడవడానికి ఆ వెట్టి కూడా ఒక కారణం. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఇంటి పనినీ ఆ వెట్టినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. అక్కడ దెబ్బల భయం ఉంది, ఇక్కడ ప్రేమ ఉంది. కానీ ఒక్క గుర్తు రెండింటిలోనూ కనబడుతుంది. అలసిపోయేది ఒకరు, సుఖపడేది ఇంకొకరు. “నీకు ఓపిక ఉందా?” అని అడిగేవాళ్లు ఎవరూ లేరు. ప్రేమ ఉన్నచోట ఈ ప్రశ్న ముందుగా రావాలి కదా!

ఇప్పుడు సాయం సంగతికి వద్దాం. ఒక ఇంట్లో జరిగింది చెబుతాం. వదినకు మూడు నెలల బిడ్డ. అత్తకు జ్వరం. భర్త కూలికి వెళ్లాడు. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన ఇద్దరు పిల్లలకూ గజ్జి. డిగ్రీ చదువుతున్న మరిది ఇల్లు చేరి గుట్ట చూసి జాలిపడ్డాడు. ఎవరినీ అడగలేదు. కనబడినదల్లా మూటగట్టి గెడ్డకు మోసుకుపోయాడు. అందులో మలేరియా వాళ్లు ఇచ్చిన మందు పూసిన దోమతెర ఉంది. దాన్ని సబ్బు పొడిలో నానబెట్టి, బండకేసి బాది, మండుటెండలో ఆరేశాడు. వదిన ఎవరి కంటా పడకుండా దాచుకున్న నెలసరి గుడ్డలూ ఆ మూటలో పోయాయి. సాయంత్రం ఆమె ముఖం చిన్నబోయింది. “అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా బాబూ” అని మాత్రం అంది.

ఆ కుర్రవాడి మనసు మంచిదే. కష్టపడ్డాడు కూడా. అయినా ఆమెకు బరువు దిగలేదు. మందు దోమతెరను మెత్తగా, చల్లని నీటిలో, మామూలు సబ్బుతో ఉతికి నీడలో ఆరేయాలి. మాటిమాటికీ ఉతికినా, ఎండలో వేసినా మందు బలం తగ్గుతుంది. ఉతికిన నీళ్లు గెడ్డలో కలవకూడదు, ఆ మందు చేపలకు విషం. ఈ సంగతులు ఆ ఇంట్లో వదినకు తెలుసు. తెలిసిన మనిషిని అడగకుండా చేసిన పనిలో “నీకు చేతకాలేదు, నేను చేసి చూపిస్తాను” అనే మాట దాగి ఉంటుంది. అలసిన మనిషికి ఆ మాట వినబడుతుంది, మనం అనకపోయినా.

మరునాడు అతను అడిగాడు, “వదినా, రేపటికి ముందు ఏవి కావాలి?” అని. అప్పుడు పని తీరు మారింది. ఆమె చెప్పిన వరుస ఇది. ముందు బిడ్డ గుడ్డలు, అత్త పక్కబట్టలు. తర్వాత పిల్లల బట్టలు. బొంతలు, రగ్గులు ఎండ బాగా కాసే రోజున. కొన్ని గుడ్డలు తానే చూసుకుంటానంది. అవి ఆమెకే వదిలేశారు. గుట్ట ఎంత పెద్దదైనా రేపటికి కావలసినవి కొన్నే ఉంటాయి. ఆ కొన్ని ఏవో ఇంటి మనిషికే తెలుసు. చేతులు మనవి, మాట ఆమెది అన్నప్పుడే ఆమె తన ఇంట్లో పెద్దగా నిలబడుతుంది.

గజ్జి విషయంలో ఇంకో నిజం బయటపడింది. గజ్జి పురుగు ఒంటిని వదిలితే రెండు మూడు రోజులకు మించి బతకదు. కానీ ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. గత మూడు రోజులు వాడిన బట్టలు, పక్కబట్టలు అదే రోజు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకడానికి వీలుకానివి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వారం పక్కన పెట్టాలి. ఇవాళ నాలుగు, రేపు నాలుగు ఉతికితే పురుగు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. చంకలో బిడ్డ ఉన్న ఒక్క మనిషి ఇంటిల్లిపాది బట్టలూ ఒక్క రోజులో ఉడకబెట్టి ఉతకగలదా? అక్కడ అందరి చేతులూ పడడం మర్యాద కోసం కాదు, అది వైద్యంలో భాగం. ఆ ఇంట్లో పొయ్యి రాజేసినది అత్త, నీళ్లు మోసినది పిల్లలు, ఉతికినది మరిది.

ఎవరి ఇల్లు కప్పాలన్నా, ఎవరి చేను కోయాలన్నా గూడెం గూడెమే కదిలే అలవాటు మనది. ఇవాళ నీ ఇంటికి, రేపు నా ఇంటికి. ఇంటివాళ్లు అంబలి పోస్తారు, అన్నం పెడతారు. దాన్ని ఎవరూ దానం అనుకోరు, తల వంచుకోరు. మరి బట్టల గుట్ట దగ్గరికి ఎవరూ ఎందుకు రారు? కప్పు కారడం కంటికి కనబడుతుంది. బట్టలు పేరుకోవడం మాత్రం ఇంటి ఆడమనిషి సోమరితనంగా లెక్కకు వస్తుంది. అందుకే ఆమె తలుపు దగ్గరగా వేస్తుంది, చుట్టం వస్తే గుట్ట మీద దుప్పటి కప్పుతుంది. కాబట్టి సాయానికి వెళ్లినవాళ్లు మొదట నోటిని అదుపులో పెట్టుకోవాలి. “ఇంత పేరుకునేదాకా ఏం చేస్తున్నావు?” అన్న ఒక్క ప్రశ్న పది గంపల సాయాన్ని మింగేస్తుంది.

పని సగంలో వదలడం కూడా సాయం కాదు. ఉతికి తడిమూట గుమ్మంలో పడేసి వెళ్తే, ఆరేయడం, వాన వస్తే పరుగెత్తి తీయడం, మడతపెట్టడం, ఎవరివి వాళ్లకు సర్దడం ఆమెకే మిగులుతాయి. ఉతకడం పనిలో సగమే. వాషింగ్ మిషన్ కొంటే సరిపోతుందని కొందరు అంటారు. కరెంటు, నీళ్లు నిలకడగా ఉన్న ఇంట్లో అది మంచిదే. కానీ జేబులు తడిమేది, ఆరేసేది, మడతపెట్టేది మిషన్ కాదు. ఆ పనులు ఎవరివో అది తేల్చదు.

“మగపిల్లాడు గెడ్డలో బట్టలుతికితే నవ్వుతారు” అని ఇంకొందరు అంటారు. మా జవాబు ఆశ్రమ పాఠశాలలోనే ఉంది. మూడో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతి దాకా తన చొక్కా తానే ఉతుక్కుంటాడు. కాస్మెటిక్ ఛార్జీలతో వచ్చిన సబ్బు అరిగిపోకుండా పొదుపుగా వాడుకుంటాడు. అక్కడ ఎవరూ నవ్వరు. ఎనిమిదేళ్లు ఉతికిన చేతులు ఇంటి గడప దాటగానే పని మరిచిపోతాయా? మరిచిపోవు. ఇంట్లో ఇంకొకరు ఉన్నారన్న ధీమాతో ఊరుకుంటాయి. సెలవులకు వచ్చిన కొడుకు పెట్టె తెరిచి మాసిన బట్టలు అమ్మ ముందు కుమ్మరిస్తే, ఆ బట్టలతోపాటు తన పెద్దరికాన్నీ అక్కడే వదిలేసినట్టు.

ఇక మొదటి ప్రశ్నకు మా జవాబు. తొడుక్కున్న బట్ట మాసింది. మాసిన బట్ట బాకీ తొడుక్కున్నవాడిదే. పసిబిడ్డ, ముసలివాళ్లు, రోగులు తీర్చలేరు కనుక వాళ్ల బాకీ ఇంట్లో ఓపిక ఉన్న అందరిదీ. ఇన్నాళ్లూ ఒక మనిషి అందరి బాకీ తీరుస్తూ వచ్చింది. ఒకరోజు తీర్చలేక నిలిచిపోయింది. అప్పుడు కనబడిన గుట్ట ఆమె చేతగానితనానికి గుర్తు కాదు. అంతకుముందు ఆమె ఎంత మోసిందో దానికి లెక్క. కనుక ఆ గుట్టను కరిగించడం ఆమెకు మనం చేసే ఉపకారం అనుకోవడం తప్పు. ఆమె కృతజ్ఞత కోసం ఎదురుచూడడం ఇంకా తప్పు. గుట్ట ఖాళీ అయిన రోజున పని అయిపోయిందని వెళ్లిపోతే వచ్చే వారానికి అది మళ్లీ లేస్తుంది. ఎవరి బట్టలు ఎవరు, ఏ రోజున, బలహీనుల బట్టలు ఎవరెవరు అన్నది ఆ రోజే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రాబోయే సెలవుల్లో మీ బట్టలు మీరు ఉతుక్కోండి, దాంతోపాటు మీ నాయనమ్మ దుప్పటి కూడా. తాగేనీళ్ల ఊటకు దిగువన ఉతకండి. కింది గూడెం వాళ్లు ఆ నీళ్లే ముంచుకుంటారు. ఉపాధ్యాయ మిత్రులారా, సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున “పండగ ఎలా జరిగింది?” అని పిల్లలను అడుగుతారు కదా. దాని పక్కన ఇంకో ప్రశ్న కూడా అడగండి: “ఈ యూనిఫారం ఎవరు ఉతికారు?”